పసుపూ నాపరాయీ

మొన్న మంగళవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకి కరెంటు మీటరు చూసే మనిషి వచ్చాడు. జగ్గయ్యపేటలో మా అక్క అనసూయ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అక్క పోయి అప్పటికి నలభై రోజులు దాటింది. ఆమె బట్టలూ గిన్నెలూ ఎవరికి ఏవి ఇవ్వాలో చూసే పని నాకు పడింది. మీటరు వసారాలో ఎత్తుగా, చెక్క పెట్టెలో ఉంటుంది. అతను స్టూలు అడిగి తీసుకుని ఎక్కి, పెట్టె మీద తడిమి, అరచేయంత రాయి ఒకటి పట్టుకుని దిగాడు.

"ఇదేంటండీ, పెట్టె మీద బండ పెట్టారు? నెత్తిన పడితే నా పని అయిపోయేది" అన్నాడు.

"ఇలా ఇవ్వు నాయనా."

"కత్తులు నూరుకునే రాయాండీ?"

"కాదు. ఫోటోలు తీసే రాయి."

అతను నా మొహంలోకి ఒకసారి చూశాడు. ఇంట్లో మనిషి పోయిందని వినే ఉంటాడు. బిల్లు కాగితం చేతికిచ్చి, "జాగ్రత్తండీ అమ్మగారూ" అని వెళ్ళిపోయాడు. అబద్ధం చెప్పలేదని అతనికి చెప్పడానికి నాకు అప్పుడు ఓపిక లేకపోయింది. ఇక్కడ చెబుతాను.

అది నాపరాయి. మా వైపు భూమి కాస్త తవ్వితే తగిలేది అదే. జగ్గయ్యపేటలో పాత ఇళ్ళ నేలలన్నీ ఆ రాతివే. పెద్ద వ్యాపారి మేడయినా, అద్దె ఇల్లయినా కాళ్ళ కింద ఒకటే బూడిద రంగు. వేసవి మధ్యాహ్నాలు అమ్మ ఆ నేలని తడిగుడ్డతో తుడిచేది, తడి ఆరీ ఆరకముందే మేం చాప కూడా లేకుండా పడుకునేవాళ్ళం. ఊళ్ళో అందరూ రోజూ నడిచే రాయి కాబట్టి దాని రంగు ఏమిటని ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

మా నాన్నకి స్టూడియో ఉండేది. అన్నదమ్ములంతా కొట్లు పెట్టుకుని మిరపకాయలూ పప్పులూ అమ్ముతుంటే ఆయన ఒక్కడే కెమెరా పట్టుకున్నాడు. ఇంటి ముందు గది స్టూడియో, వెనక గది వంటిల్లు. మధ్యలో ఒకప్పుడు ఊరగాయ జాడీలు పెట్టుకునే చీకటి గది ఫోటోలు కడిగే గది అయింది. జాడీలకి వేరే చోటు లేక అవీ అక్కడే ఉండిపోయాయి. అందువల్ల మా ఇంట్లో ఫోటోలు కడిగే హైపో మందు ఘాటూ ఆవకాయ ఘాటూ కలిసి ఒకటే వాసనగా ఉండేది. మీ ఆవకాయ తింటే ఫోటో మింగినట్టుంటుందని బాబాయి పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళు. నాన్న ఫోటో తీసే రోజున కాఫీ తాగేవాడు కాదు, చెయ్యి వణుకుతుందని. పలచటి మజ్జిగ తాగి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు కెమెరా ముట్టుకునేవాడు. ఎదురుగా కూర్చున్న వాళ్ళతో ఎప్పుడూ ఒకటే మాట: "గాలి పీల్చండి. సగం వదలండి. ఇక ఆపండి." తెలుపు నలుపు ఫోటోల్లో మా చుట్టుపక్కల ఆయనకి సాటి లేదు. ఇది కూతురిగా చెప్పడం లేదు. ఆయన తీసిన ముసలివాళ్ళ బొమ్మలు ఇప్పటికీ వత్సవాయి నుంచి నందిగామ దాకా ఎన్నో ఇళ్ళల్లో గోడల మీద ఉన్నాయి.

ఇంట్లో పని ముగ్గురం పంచుకున్నాం. తీసేది నాన్న. కడిగి కాగితం మీద వేసేది అక్క. రంగులు వేసేది నేను. రంగుల రీళ్ళు రాకముందు తెలుపు నలుపు ఫోటో మీద చేత్తో రంగు అద్దించుకోవడం చాలామందికి సరదా. అగ్గిపుల్లకి దూది చుట్టి, రంగులో ముంచి, చీరకి చీర రంగు, బుగ్గకి బుగ్గ రంగు అద్దేదాన్ని. వంటింటి కిటికీ దగ్గర, పగటిపూట మాత్రమే. పొద్దు వాలితే అమ్మ ఒప్పుకునేది కాదు. "దీపం వేళ రంగు ముట్టుకోకే ఇందిరా. రాత్రి బంగారంలా కనపడింది పొద్దున్నే మట్టిలా ఉంటుంది" అనేది. ఒకసారి వినకుండా బల్బు కింద వేశాను. తెల్లవారి చూస్తే పెళ్ళికూతురి మొహం కామెర్లు వచ్చినట్టు ఉంది. బల్బు వెలుతురులో పసుపు ఉంటుందని, మన కన్ను దాన్ని మెల్లగా మరిచిపోతుందని, కాగితం మరిచిపోదని అప్పుడు తెలిసింది. తెలిసింది గాని, అది ముందుముందు ఇంటిల్లిపాదికీ పనికొచ్చే సంగతి అనుకోలేదు.

తర్వాత రంగుల రీళ్ళు వచ్చాయి. పెళ్ళంటే రంగుల్లోనే తీయాలన్నారు. నాన్న మొదటి రంగుల పెళ్ళి మా వీధిలోనే తీశాడు. ఫ్లాష్ ఆయనకి గిట్టదు, మొహాలు పిండి పూసినట్టు వస్తాయనేవాడు. అలవాటు ప్రకారం నాలుగు పెద్ద బల్బులు కట్టించి, ఆ వెలుతురులో రీలంతా తీసి, మద్రాసు లాబ్‌కి పంపాడు. ఆ రీళ్ళు పగటి వెలుతురు కోసం చేసినవని మాకు ఎవరు చెబుతారు? బల్బుల వల్ల ఫిల్ము మీద అంతా పసుపు కమ్మింది. లాబ్‌లో ఎవరో అది చూసి, పాపం మంచికే, ఆ పసుపంతా తీసేసి ఫోటోలు వేశాడు. తీసేస్తే మధుపర్కాల పసుపు కూడా పోయింది. పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన నూలు చీర ఫోటోలో తెల్లగా, సున్నం వేసిన గోడలా వచ్చింది.

పెళ్ళికూతురి తల్లి ఆల్బం పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అన్నయ్యగారూ, మా పిల్లకి మేం తెల్లచీర కట్టించామా? మీరే చూడండి. అత్తగారింట్లో ఎవరన్నా ఆల్బం అడుగుతారేమోనని దాచుకుని కూర్చుంటోందండీ అది."

ఆమె అరవలేదు. అరిస్తే నాన్నకి అంత తగిలేది కాదు. ఆల్బం మా నేల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు ముహూర్తాల వాళ్ళు మాకు చెప్పినవి బెజవాడ వాళ్ళకి మార్చుకున్నారు. దానికి తోడు నాన్న కుడిచెయ్యి సన్నగా వణకడం మొదలైంది. మజ్జిగకి తగ్గే వణుకు కాదు. ఎండలో తీస్తే పర్వాలేదు, కెమెరా కన్ను రెప్పపాటులో తెరుచుకుని మూసుకుంటుంది కాబట్టి వణుకు పట్టదు. మసక వెలుతురులో ఆ కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆ కాసేపట్లో చెయ్యి కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది.

ఆ ఆల్బం రెండు రోజులు అక్కడే పడి ఉంది, ఎవరమూ తీయలేదు. మూడోనాడు ఊడుస్తూ దాన్ని జరపబోయి ఆగాను. తెరిచి ఉన్న పేజీలో పెళ్ళిపీటల కింద వాళ్ళింటి నేల కనపడుతోంది. అది నీలంగా ఉంది. ఆల్బం కింద మా నేల బూడిద రంగులో ఉంది. రెండూ ఒకే రాయి.

"నాన్నా, వాళ్ళింట్లో నేల ఏం రంగు?" అని అడిగాను.

"నాపరాయి రంగు. ఇదే."

"ఫోటోలో?"

ఆయన వంగి చాలాసేపు చూశాడు. "నీలం" అన్నాడు.

"నేల ఎంత నీలం అయిందో పసుపు అంత పోయినట్టు. ఈ నేలని మళ్ళీ బూడిద రంగుకి తెస్తే చీర కూడా చీర రంగుకి వస్తుంది."

"వస్తుందే. కానీ మద్రాసులో కూర్చున్నవాడికి మన నేల ఏ రంగో ఎట్లా తెలుస్తుంది?"

అక్క చీకటి గదిలోంచి తల బయట పెట్టింది. "నేల పంపిద్దాం" అంది.

ముగ్గురం నవ్వాం. ఆ వారంలో మా ఇంట్లో అదే మొదటి నవ్వు. కానీ అక్క నవ్వులాటకి అనలేదు. పెరట్లో మిగిలిన నాపరాయి పలకని సుత్తితో కొట్టి అరచేయంత ముక్క తీసి, ఒక పక్క నున్నగా అరగదీసింది. మొదటి ఫోటోలో అదీ పడాలి, రీలుతో పాటు అదీ మద్రాసు వెళ్ళాలి, అక్కడివాడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

నందిగామ నుంచి వెంకటేశ్వర్లు గారు వచ్చింది అప్పుడే. పత్తి వ్యాపారం చేసే మనిషి, పెద్ద గొంతు. కూతురు కమల పెళ్ళి, శ్రావణమాసంలో ముహూర్తం, పొద్దున తొమ్మిది దాటాక. బెజవాడ ఫోటోగ్రాఫరు రానన్నాడట. కారణం, వెంకటేశ్వర్లు గారి తల్లి మాణిక్యమ్మ గారికి కంటి ఆపరేషన్ అయి పదిహేను రోజులే అయింది. మనవరాలి పెళ్ళి చూడటానికే చేయించుకుంది. ఫ్లాష్ మెరుపు కంట్లో పడితే వచ్చిన చూపు పోతుందని ఆమె నమ్మకం.

"ఫ్లాష్ వద్దంటే బెజవాడాయన ఫోటోలే వద్దనుకోండి అన్నాడండీ. మా అమ్మేమో మీ పేరే చెబుతోంది. మా నాన్న ఫోటో మీరు తీసిందేగా? ఆ తీసినాయన ఉండగా ఇంకెవడో ఎందుకురా అంటోంది" అన్నాడు. తర్వాత గొంతు కొంచెం తగ్గించాడు. "పేటలో ఆ తెల్లచీర సంగతి మా దాకా వచ్చిందిలెండి. ఆవిడకీ తెలుసు. మధుపర్కం మాత్రం పసుప్పచ్చగా పడాలంది. పడకపోతే... ఇక మీకు చెప్పక్కర్లేదు."

ఆయన వెళ్ళాక నాన్న అక్కని పిలిచాడు. "ఈ చేత్తో నేను తియ్యలేను అనసూయా. నువ్వు తియ్యి. ఈ పెళ్ళితో తేలిపోవాలి. ఇది కూడా చెడితే కెమెరా అమ్మేసి మీ బాబాయి కొట్లో కూర్చుంటా." ఆ మాట మామూలుగా అన్నాడు, కూరలు తెమ్మన్నట్టు. అందుకే నిజంగానే అంటున్నాడని మాకు అర్థమైంది. నాన్న మిరపకాయల బస్తాల మధ్య కూర్చోవడం మా ఇద్దరికీ ఊహకి అందలేదు. అక్క సరేనంది. అప్పటికి ఆమెకి ఇరవై మూడేళ్ళు, నాకు ఇరవై.

ముహూర్తానికి ఇంకా మూడు వారాలు ఉన్నాయి. ఆ మూడు వారాలూ అక్క కదలకుండా ఉండటం నేర్చుకుంది. కుంకుమ భరిణె మూతలోని చిన్న అద్దాన్ని మైనంతో కెమెరాకి అంటించి, ఎండ దాని మీద పడేలా కూర్చునేది. ఎదుటి గోడ మీద వెలుగు చుక్క పడేది. మీట నొక్కినప్పుడు ఆ చుక్క కదిలితే చెయ్యి కదిలినట్టు. మొదట్లో చుక్క గోడంతా పరుగులు పెట్టింది. అమ్మ చూసి, పాత రవికల గుడ్డతో జానెడు సంచి కుట్టి, అందులో పెసలు పోసి ఇచ్చింది. "మినుములైతే గుచ్చుకుని గరుకుగా ఉంటాయి, పెసలు నున్నగా సర్దుకుంటాయి" అంది. కెమెరా ఆ సంచి మీద పెడితే పిల్ల ఒళ్ళో కూర్చున్నట్టు కూర్చుంది. మూడో వారానికి చుక్క గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది. నాన్న దూరం నుంచి చూశాడు. మర్నాటి నుంచి అక్కకి కూడా మజ్జిగ గ్లాసు పెట్టమన్నాడు.

పెళ్ళినాడు వాన. మేం నందిగామలో బస్సు దిగేసరికి పందిరి తడిసి వంగిపోయి ఉంది. పీటలు హాల్లోకి మార్చారు. వీధి తలుపు పెద్దది, రెండు రెక్కలది. దానికి ఎదురుగా పీటలు వేశారు. తలుపులోంచి వానపొద్దు వెలుతురు వస్తోంది. పైన అరడజను బల్బులు వెలుగుతున్నాయి. నాన్న కెమెరా తీసి అక్కకి ఇచ్చి, "తీసేది మా పెద్దమ్మాయండీ" అన్నాడు.

వెంకటేశ్వర్లు గారి మొహం మారింది. "ఆడపిల్లా అండీ?"

పీటలకి దగ్గరగా కుర్చీలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మాణిక్యమ్మ గారు తల తిప్పకుండానే అంది: "ఆడపిల్లయితే ఏంరా? పీటల మీద కూర్చునేది కూడా ఆడపిల్లేగా."

అక్క కమల మొహం దగ్గర వెలుతురు కొలిచే లైట్ మీటరు పట్టుకుని చూసింది. తలుపు వైపు బుగ్గ నీలంగా, బల్బుల వైపు బుగ్గ పసుపుగా ఉన్నాయి. రెండు రకాల వెలుతురు ఒక మొహం మీద పడితే రాయి ఏం చెబుతుంది? ఒక బుగ్గ సరిచేస్తే ఇంకో బుగ్గ చెడుతుంది. వాళ్ళ ఆనవాయితీలో జీలకర్ర బెల్లం వేళకే వధువు మధుపర్కం కట్టుకుంటుంది. ఆ చీర మీద కూడా సగం ఆ రంగూ సగం ఈ రంగూ పడుతోంది. ముహూర్తానికి అరగంట ఉంది.

అప్పుడు కరెంటు పోయింది. ఇంటినిండా "అయ్యో" అన్నారు. ఎవరో పెట్రోమాక్స్ కోసం పరిగెత్తారు. నేను మాత్రం కమల చీర చూస్తూ ఉండిపోయాను. ఒక్క తలుపు వెలుతురులో ఆ చీర దంచిన పసుపుకొమ్ము రంగులో ఉంది, ఎక్కువా తక్కువా కాకుండా.

"అక్కా, రంగు వచ్చింది" అన్నాను చెవిలో.

"వెలుతురు పోయిందే పిచ్చిదానా. మీటరు ముల్లు లేవడం లేదు చూడు."

"బల్బులు వస్తే రంగు చచ్చిపోతుంది."

"బల్బులు రాకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. రంగు బాగుందని అలుక్కుపోయిన మొహాలు ఇస్తామా?"

"నువ్వు కదలకపోతే ఎందుకు అలుక్కుపోతుంది?"

"నేను కదలను. వాళ్ళు కదలరా?"

ఆ ప్రశ్న నాకు కాదు, తనకే వేసుకుంది. కాసేపు పీటల వైపు చూసింది. తర్వాత నాతో, "పెళ్ళి మొత్తం మీద చేతులు కదలకుండా ఉండేది ఒక్క జీలకర్ర బెల్లం అప్పుడే. తెర తీశాక ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళు చెయ్యి పెట్టి చూసుకుంటూ ఉండిపోతారు. అప్పుడు తీస్తా" అంది. ఆమె మాట పూర్తి కాకుండానే కరెంటు వచ్చింది. అందరూ సంతోషించారు, మేమిద్దరం తప్ప.

అక్క నేరుగా వెంకటేశ్వర్లు గారి దగ్గరికి వెళ్ళింది. "బాబాయిగారూ, ముహూర్తం అయ్యేదాకా లైట్లు తీసేయించాలండి."

"ఏంటీ? పెళ్ళిలో దీపాలు ఆర్పమంటావా? అమ్మాయ్, నీకు మతుండే మాట్లాడుతున్నావా? ఇది పెళ్ళనుకున్నావా ఇంకేదన్నా అనుకున్నావా?"

నాన్న గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వణికే చేతిని ఎడంచేత్తో పట్టుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఒరేయ్" అంది మాణిక్యమ్మ గారు. "కుందుల్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయిగా, వాటినెవరు ఆర్పమన్నారు? ఆర్పేది బల్బులు. నాకూ మీ నాన్నకీ పెళ్ళయినప్పుడు ఈ ఊళ్ళో బల్బు ఎక్కడుందిరా? మా కాపురం ఏం తక్కువైంది? నీలాంటి గొంతున్నవాణ్ణి కన్నాగా." నవ్వులు లేచాయి. "తీసెయ్ లైట్లు. నా కళ్ళకీ హాయిగా ఉంటుంది."

లైట్లు తీసేశారు. నేను రాయి పట్టుకుని కమల బుగ్గ పక్కన పెట్టబోయాను. అక్క మొదటి బొమ్మ దాన్ని కలిపి తీయాలి. ముత్తయిదువల్లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "పెళ్ళికూతురి పక్కన రాయి పెడతావేంటే? శుభమా అని!"

"కాసేపుంటే మీరే సన్నికల్లు తొక్కిస్తారు కదండీ పిన్నిగారూ. అదీ రాయేగా" అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట, నేను అంత చురుకైన మనిషిని కాదు. ఆవిడ చెయ్యి వదిలేసింది. కమల ఫక్కున నవ్వింది. ఆ నవ్వూ రాయీ కలిసి ఒక బొమ్మ పడింది.

అక్క ఖాళీ గంగాళం ఒకటి అడిగి తెప్పించి, పక్కగా బోర్లించి, దాని మీద పెసల సంచి, సంచి మీద కెమెరా పెట్టి నేల మీద కూర్చుంది. అంత మసకలో లెన్సు పూర్తిగా తెరవాలి. అలా తెరిస్తే ఒక దూరంలో ఉన్నదే స్పష్టంగా వస్తుంది, ముందూ వెనకా మసకబారుతుంది. అందుకని ఇద్దరి మొహాలూ తనకి సమాన దూరంలో ఉండే చోటు వెతికింది. ఆ చోటుకి అడ్డంగా పురోహితుడు కూర్చున్నాడు. "పంతులు గారూ, ఒక్క జానెడు జరగాలండి" అంది. "ముహూర్తం జరగదు గాని నేను జరుగుతాలేమ్మా" అన్నాడాయన.

తెర తీశారు. గట్టిమేళం మొదలైంది. అక్షతలు నాలుగు వైపుల నుంచీ పడుతున్నాయి. వధూవరులు ఒకరి తల మీద ఒకరు చేతులు పెట్టి, కళ్ళెత్తి చూసుకుని, అలాగే ఉండిపోయారు. నేను అక్క వీపు చూస్తున్నాను. గాలి పీల్చింది. సగం వదిలింది. ఆపింది. ఆ మేళంలో మీట చప్పుడు నాకు వినపడలేదు. అక్క మూడుసార్లు అలా ఊపిరి ఆపడం మాత్రం చూశాను.

రీలూ, రాయీ ఒకే గుడ్డలో మూటకట్టి మద్రాసు పంపాం. ఉత్తరం నేను రాశాను: మొదటి బొమ్మలో ఉన్న రాయి ఇదే. ఫోటోలో రాయి ఈ రాయిలాగే వచ్చేదాకా రంగులు కలపండి. ఆ తర్వాత దేన్నీ సరిచేయకండి. పసుపు ఎక్కువగా ఉందనిపిస్తే అది మా పెళ్ళి, అలాగే ఉంటుంది. నాన్న చదివి, చివరి వాక్యం కొట్టేద్దామన్నాడు, మళ్ళీ ఉండనిమ్మన్నాడు.

పద్నాలుగు రోజులకి పార్సిలు వచ్చింది. నాన్న విప్పాడు. ముందు రాయి వచ్చింది, వెనక నీలం సిరాతో లాబ్ వాళ్ళ నంబరు వేసి ఉంది. దానితో ఒక చీటీ: ఈసారి చిన్న రాయి పంపండి. నాన్న రాయిని మొదటి ఫోటో మీద పెట్టాడు. ఏది ఫోటోలో రాయో ఏది చేతిలో రాయో అంచు పట్టుకుని చూస్తే గాని తెలియలేదు. తర్వాత జీలకర్ర బెల్లం ఫోటో తీశాడు. చీర పసుప్పచ్చగా ఉంది. అమ్మ వెనక నుంచి చూసి "పసుపు!" అని ఒక్క మాట అంది. నాన్న ఇంకా నమ్మకుండా భూతద్దం తెచ్చుకుని, ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, మొహాల మీద కదిపాడు. పడుతున్న అక్షతలు సన్నటి గీతలుగా సాగాయి. ఆ గీతల మధ్య రెండు మొహాలు కదలకుండా ఉన్నాయి. కమల కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. నాన్న భూతద్దం కింద పెట్టి అక్క కోసం చూశాడు. ఆమె పెరట్లో ఫోటోలు కడిగే పళ్ళేలు తోముతోంది. నాన్న అక్కడికి నడిచి వెళ్ళి, "కెమెరా ఇక నీ దగ్గరే పెట్టుకో" అని, తిరిగి లోపలికి వచ్చి, మధ్యాహ్నం పూట కాఫీ అడిగాడు. ఆ రోజు రెండు గ్లాసులు తాగాడు.

ఆల్బం ఇవ్వడానికి నందిగామ వెళ్తే మాణిక్యమ్మ గారు కొత్త అద్దాలు పెట్టుకుని ఉంది. ఫోటోని కంటికి దగ్గరగా తెచ్చుకుని, చీర మీద వేలు పెట్టి, "ఇది మా పసుపే. ఆ కొమ్ములు దగ్గరుండి దంచించింది నేనే, నాకు తెలీదా?" అంది. వెంకటేశ్వర్లు గారు ఆ ఆల్బం పట్టుకుని, పిలిచినవాళ్ళకీ పిలవనివాళ్ళకీ చూపించాడు. బజార్లో అందరికీ తన పెద్ద గొంతుతో, "లైట్లు ఆర్పించింది నేనే" అని చెప్పుకున్నాడట. చెప్పుకోనిచ్చాం.

ఏడాది తిరక్కుండా మా వీధిలో తెల్లచీర ఆల్బం వెనక్కి ఇచ్చిన ఆ తల్లే వచ్చింది. రెండో అమ్మాయి పెళ్ళి. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. పాత ఫిల్ము నాన్న పారెయ్యలేదు. అది నాలుగు బల్బుల కింద తీసిందే, ఒకే రకం వెలుతురు, కాబట్టి నేల రంగు పట్టుకుని సరిచేయడానికి వీలుంది. రాయితో పాటు మళ్ళీ మద్రాసు పంపితే ఆ పెద్దమ్మాయి చీర కూడా చీర రంగుకి వచ్చింది. నాకు ఇప్పటికీ నందిగామ ఫోటో కన్నా అదే పెద్ద గెలుపు.

నాన్న మిరపకాయల కొట్లో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. అక్క చాలా ఏళ్ళు తీసింది. నేను పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక రాయి పట్టుకోవడానికి వేరేవాళ్ళని పెట్టుకుంది గాని, నేను ఊళ్ళో ఉంటే మాత్రం నన్నే రమ్మనేది. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోను ఆనాటి మా సరంజామా అంతటి కన్నా చీకట్లో బాగా చూస్తుంది. చెయ్యి వణికినా సర్దుకుంటుంది. పసుపు ఏదో బల్బు ఏదో దానికదే తేల్చుకుంటుంది. ఇది మంచి మార్పే. నాన్నకి దొరికి ఉంటే ఆ వణుకు గురించి ఎవరికీ తెలిసేది కాదు. పోయినేడు అక్క ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మసక గదిలో, ఆ ఫోనుతోనే నేను ఆమెని తీశాను. చాలా స్పష్టంగా వచ్చింది. అక్క చూసి, "బాగుందే. కానీ నువ్వేం చేశావ్ ఇందులో?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

కమల పెళ్ళి తర్వాత మా రెండు ఊళ్ళలో అదొక పద్ధతిగా మారింది. అక్క తీసినా, ఇంకెవరు తీసినా, ముహూర్తం దగ్గర పడగానే ఎవరో ఒక పెద్దావిడ లేచి, "లైట్లు తీసెయ్యండర్రా" అని కేకేసేది. ఎందుకో తెలియనివాళ్ళు కూడా లేచి తీసేవాళ్ళు. ఫ్లాష్‌లు వచ్చాయి, వీడియో లైట్లు వచ్చాయి, ఆ తర్వాత కల్యాణ మండపాలు వచ్చాయి. ఇప్పుడు జగ్గయ్యపేటలో గాని, నందిగామలో గాని జీలకర్ర బెల్లం వేళ ఎవరూ లైట్లు ఆర్పరు.